మిస్‌ఫైర్ వస్తే కాయిల్ కొనకండి, ముందు చోటు మార్చి చూడండి

నిస్సాన్ 370జెడ్ లాంటి వీ6 కారు ఐడిల్‌లో వణుకుతూ, చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే స్కానర్ పెట్టండి. పీ0303 కోడ్ అంటే మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే పెట్రోల్ సరిగా మండటం లేదు. ఇంజిన్ చల్లారాక మూడో కాయిల్‌నీ (స్పార్క్ ప్లగ్‌కి కరెంటు ఇచ్చేది), అదే వరుసలో ఉండే అయిదో కాయిల్‌నీ ఒకదాని చోట ఒకటి పెట్టి, కోడ్ చెరిపి పది నిమిషాలు నడపండి. కోడ్ పీ0305కి మారిందా, కాయిలే పోయింది. అక్కడే ఉంటే ప్లగ్ విప్పండి. తెల్ల పింగాణీ మీద నిలువునా సన్నటి నల్లగీత కనిపిస్తే, స్పార్క్ గ్యాప్‌లో పడకుండా పక్కనుంచి జారిపోతోందన్నమాట. ఆ ప్లగ్ పారేయాల్సిందే. కొత్తదానికి గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు. ప్లగ్ గుంతలో ఆయిల్ నిలిచి ఉంటే వాల్వ్ కవర్ సీల్ కూడా చూడాలి. ప్లగ్ శుభ్రంగానే ఉంటే పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్‌ని, ఆ తర్వాతే సిలిండర్‌లోని కంప్రెషన్‌ని (ఒత్తిడిని) చూడండి.

లైట్ మిణుకుతుంటే మాత్రం దయచేసి నడపకండి. మండని పెట్రోల్, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది.

ఇదే కారు తొలి మోడళ్లలో స్టీరింగ్ లాక్ మొరాయించడమూ మామూలే: బటన్ నొక్కితే స్టార్టర్ తిరగదు, పసుపు తాళంచెవి గుర్తు వెలుగుతుంది. ముందు బ్యాటరీ కొలవండి, 12.4 వోల్టుల లోపుంటే ఛార్జ్ చేయండి. తర్వాత క్లచ్ తొక్కి, స్టీరింగ్‌ని అటూ ఇటూ మెల్లగా ఆడిస్తూ బటన్ నొక్కండి. లాక్ పిన్ను మీద ఒత్తిడి తగ్గితే చాలాసార్లు వదులుతుంది. అయినా కదలకపోతే స్టీరింగ్ కాలమ్ కింది లాక్ యూనిట్‌ని స్క్రూడ్రైవర్ పిడితో నెమ్మదిగా తట్టండి. అలా స్టార్టయితే లోపలి మోటర్ అరిగినట్టే, ఆ వారంలోనే యూనిట్ మార్పించండి.