రెన్యువల్‌కి కారు తీసుకెళ్లే ముందు వెనక సీటు బెల్టు చూసుకోండి

పదిహేనేళ్లు నిండిన సొంత కారుని ఆర్సీ రెన్యువల్‌ కోసం నెల్లూరుకో ఒంగోలుకో తీసుకెళ్లేవాళ్లు టైర్లు, లైట్లు, హారన్ అన్నీ చూపించుకుంటారు గానీ వెనక బెల్టు జోలికే పోరు. చాలా కార్లలో బకిల్ సీటు కవరు కింద ఇరుక్కుపోయి ఉంటుంది, ముందు దాన్ని బయటికి లాగండి.

బెల్టుని చివరిదాకా లాగి, వెలుతురులో రెండు అంచులూ వేలితో తడుముతూ పోండి. పోగులు లేచినా, ఎక్కడైనా కోత పడినా, ఎండకి వెలిసి పెళుసెక్కినా మార్చాల్సిందే. కుట్టించేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినొద్దు, దయచేసి, వెనక కూర్చునేది మన పిల్లలూ అమ్మానాన్నలే.

గట్టిగా గుంజితే టక్కున ఆగాలి, వదిలితే దానంతటదే చుట్టుకోవాలి. కావలి, కొత్తపట్నం వైపు ఉప్పుగాలి కదా, కింద బోల్టులకి తుప్పు పట్టిందేమో కూడా చూడండి.

మురికైతే సబ్బునీళ్లు చాలు, బ్లీచింగ్ వద్దు. పాత సామాన్ల షాపులో బెల్టు కొనకండి, యాక్సిడెంట్ అయిన బండిదైతే పైకి తెలియదు. మీ మోడల్‌కి సరిపడే కొత్త సెట్టు వేయించి బిల్లు దాచుకోండి.

రెన్యువల్ దరఖాస్తు అయిన ఫారం 25ని ఆర్సీ గడువుకి 60 రోజుల ముందు నుంచే పెట్టుకోవచ్చు, కాబట్టి విడిభాగం ఆలస్యమైనా టెన్షన్ ఉండదు. ట్యాక్సీ వాళ్లకైతే ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ తప్పదు. బెల్టు పెట్టుకోకపోతే చట్టంలో జరిమానా 1,000 రూపాయలు, వెనక సీటుకీ అంతే.