సొంత చెలకలో కట్టెలు కొట్టి ఇంటికి తెచ్చుకోవాలంటే: దరఖాస్తు విధానం

"మా చెలక, మా చెట్టు, ఎవరినడగాలి?" అని దేవరకొండ, అచ్చంపేట వైపు చాలామంది రైతులు అనుకుంటారు. నేనూ అట్లే అనుకున్నాను. రెండేళ్ల కింద గాలిదుమారానికి గట్టు మీది వేప కూలితే, మొద్దులు కోయించి ట్రాక్టర్‌లో వేశాను. దారిలో ఆపారు. చెట్టు దానంతటదే పడిందని చూపించడానికి ఒక్క ఫొటో కూడా లేదు. పొద్దంతా రోడ్డు మీదే, ఒకటే టెన్షన్.

2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం పట్టా భూమిలోని చెట్టు కొట్టాలన్నా అనుమతి తీసుకోవాలి. నరకడానికి అనుమతి ఒకటి, కట్టెలను రోడ్డు మీద తరలించడానికి పర్మిట్ ఇంకొకటి. మొదటిది చేతికి రాగానే బండి కట్టినవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు.

ముందు చెట్టు జాతి తెలుసుకోండి. జామాయిల్, సుబాబుల్, సరుగుడు వంటి వాటికి సడలింపులున్నాయి. సర్కారు తుమ్మ సంగతి మీ ప్రాంతపు అటవీ బీట్ ఆఫీసర్‌ను అడిగాకే గొడ్డలి పట్టండి. టేకు, ఎర్రచందనం లాంటివైతే పొయ్యిల కట్టెల లెక్కలో చూడరు, తనిఖీ గట్టిగా ఉంటుంది.

దరఖాస్తు అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు చేరాలి. మీసేవలో అడిగితే ఆన్‌లైన్‌లో ఎట్లా పెట్టాలో చెబుతారు. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ నకళ్లు పెట్టుకోండి. సర్వే నంబరు, చెట్ల సంఖ్య, జాతి, చుట్టుకొలత, ఎందుకు కొడుతున్నారో రాయాలి. చుట్టుకొలత చెట్టు మొదలు దగ్గర కాదు, నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే సుమారు నాలుగున్నర అడుగుల దగ్గర టేపు పెట్టి కొలవాలి. ఇక్కడ తప్పు రాస్తే తనిఖీలో తేడా వచ్చి కాగితం వెనక్కి వస్తుంది. ఉమ్మడి పట్టా అయితే అన్నదమ్ముల సంతకాలు ముందే తీసుకోండి. లావణి పట్టా (సర్కారు అసైన్ చేసిన) భూమైతే మొదట తహసీల్దార్ ఆఫీసులో మాట్లాడాలి. పొలం అడవి హద్దుకు ఆనుకొని ఉంటే, ముఖ్యంగా అమ్రాబాద్ పులుల అభయారణ్యం పక్క ఊళ్లలో, హద్దు ఖరారు కాకుండా ఒక్క కొమ్మ కూడా కొట్టకండి.

తర్వాత అటవీ సిబ్బంది పొలానికి వస్తారు. ఆ రోజు మీరే దగ్గరుండి చెట్లు చూపించండి. కట్టిన ప్రతి ఫీజుకూ రసీదు అడగండి. కూలిన చెట్టయినా సరే, వేళ్లతో సహా నాలుగు దిక్కుల నుంచి ఫొటోలు తీసి, అధికారికి చెప్పాకే రంపం పెట్టించండి. కరెంటు తీగల కింది చెట్టయితే లైన్‌మన్‌తో సరఫరా తీయించాలి. ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఇక తరలింపు. జాతీయ ట్రాన్సిట్ పాస్ (కట్టెల తరలింపు పర్మిట్) విధానాన్ని 2020లో మధ్యప్రదేశ్‌తో పాటు మన తెలంగాణలోనే ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. సడలింపు ఉన్న జాతులకు అందులో రైతే నిరభ్యంతర పత్రం తీసుకోవచ్చు. మిగతా జాతులకు అధికారి పరిశీలించి పాస్ ఇస్తారు. బండి నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత కట్టె, ఏ తేదీ వరకు అన్నవి చదివి సరిచూసుకోండి. చివరి నిమిషంలో పక్కింటి ట్రాక్టర్ తెస్తే నంబరు కలవదు, కాబట్టి డ్రైవర్‌తో ముందే మాట ఖాయం చేసుకోండి. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు చెక్‌పోస్టు దాటాల్సి ఉంటే పగటిపూటే బయలుదేరండి. పాస్‌ను డ్రైవర్ చేతికే ఇవ్వండి, ఒక ఫొటో మీ ఫోన్‌లో ఉంచుకోండి.