సర్వర్ మదర్‌బోర్డు ఊడి రావడం లేదా? లాగే ముందు ఇవి చూడండి

స్క్రూలన్నీ తీశాక కూడా బోర్డు కదలడం లేదంటే, ఇంకా ఏదో ఒకటి దాన్ని పట్టుకుని ఉందనే అర్థం. బలం పెట్టి లాగకండి. బోర్డు వంగితే లోపలి పొరల్లోని సన్నని రాగి దారులు తెగిపోవచ్చు, పైకి మాత్రం ఏమీ కనిపించదు.

సమస్య: షట్‌డౌన్ చేసినా బోర్డు మీద చిన్న లైటు వెలుగుతోంది

కారణం: స్టాండ్‌బై కరెంటు. సర్వర్ ఆగినా రిమోట్ మేనేజ్‌మెంట్ చిప్ దాంతో నడుస్తూనే ఉంటుంది. పైగా చాలా సర్వర్లకు రెండు పవర్ సప్లైలు ఉంటాయి. ఒక కేబుల్ పీకి పని అయిపోయిందనుకోవడం మామూలే.

పరిష్కారం: కేబుళ్లన్నీ పీకండి. పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. లైటు ఆరేదాకా లోపల చేయి పెట్టొద్దు. తర్వాత రిస్ట్ స్ట్రాప్ (ఒంటి మీది స్టాటిక్ కరెంటును పోగొట్టే మణికట్టు పట్టీ) కట్టుకుని, దాని క్లిప్పును ఛాసిస్‌లో (సర్వర్ లోహపు పెట్టెలో) పెయింట్ లేని లోహానికి తగిలించండి. మన చేతికి తెలియనంత చిన్న స్టాటిక్ కూడా చిప్‌ను దెబ్బతీస్తుంది.

సమస్య: స్క్రూలు తీశాం, బోర్డు పైకి లేవడం లేదు

కారణం: చాలా మోడళ్లలో బోర్డును నేరుగా పైకి ఎత్తడం కుదరదు. కింది లోహపు ట్రేకి తాళంచెవి రంధ్రం ఆకారంలో గాడులు ఉంటాయి, ఛాసిస్ పిన్నుల తలలు అందులో ఇరుక్కుని ఉంటాయి. కొన్నిటికి స్ప్రింగ్ పిన్ కూడా ఉంటుంది. ఇవి కాకపోతే రైజర్ (అదనపు కార్డులు గుచ్చే నిలువు బోర్డు) కింద దాగిన స్క్రూనో, ఫ్యాన్ల దగ్గర మరిచిపోయిన కేబులో అయి ఉంటుంది.

పరిష్కారం: మూత లోపలివైపు అంటించిన బొమ్మ చూడండి. చాలామంది దాన్ని పట్టించుకోరు కానీ, ఆ మోడల్‌కు అంతకంటే మంచి దారి చూపించేది లేదు. ఎయిర్ ష్రౌడ్ (గాలిని చిప్‌ల మీదికి మళ్లించే ప్లాస్టిక్ తొడుగు), రైజర్లు, ఫ్యాన్లు తీసేయండి. స్ప్రింగ్ పిన్ ఉంటే పైకి లాగి పట్టుకుని, బోర్డును ఛాసిస్ ముందువైపుకి కొద్దిగా జరపండి. వెనకనున్న పోర్టులు ఛాసిస్ వెనక గోడలోంచి బయటపడ్డాకే ఎత్తాలి. డెల్, హెచ్‌పీఈ సర్వర్లలో నీలిరంగు పిడి ఉంటే దాన్నే పట్టుకోండి. ర్యామ్ స్లాట్లను, హీట్‌సింక్‌ను (సీపీయూ వేడిని లాగే లోహపు దిమ్మెను) పట్టుకుని ఎత్తవద్దు.

సమస్య: కొత్త బోర్డు బిగించాక కొన్ని ర్యామ్‌లు కనిపించడం లేదు

కారణం: ఎక్కువసార్లు సీపీయూ సాకెట్‌లో వంగిన పిన్. ఉదాహరణకు ఎల్‌జీఏ 3647 అనే రకం సాకెట్‌లో పేరుకు తగ్గట్టే 3647 పిన్నులు. ఒక్కటి పక్కకు ఒరిగినా ఒక మెమరీ ఛానల్ (కొన్ని ర్యామ్‌లను సీపీయూకి కలిపే దారి) పోవచ్చు.

పరిష్కారం: టార్చ్‌ను ఏటవాలుగా పట్టి చూడండి. పిన్నులన్నీ ఒకే వరసలో మెరవాలి, వంగినది విడిగా మెరుస్తుంది. పాత బోర్డును తిరిగి పంపేటప్పుడు కొత్త బోర్డు సాకెట్ మూతను తీసి పాత బోర్డు సాకెట్‌కి పెట్టండి. హీట్‌సింక్ స్క్రూలను దాని మీద రాసిన అంకెల వరసలోనే బిగించాలి, విప్పేటప్పుడు తిరగేసి. సీపీయూకి, హీట్‌సింక్‌కి మధ్య వేడిని దాటించే పాత థర్మల్ పేస్టు తుడిచి కొత్తది రాయండి.

సమస్య: అంతా సరిగ్గా ఉంది, విండోస్ రికవరీ కీ అడుగుతోంది

కారణం: బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) పాత బోర్డులోని టీపీఎం అనే భద్రతా చిప్‌తో ముడిపడి ఉంది.

పరిష్కారం: కీ దగ్గరుంటే టైప్ చేస్తే చాలు. అది లేకపోతే ఆ డిస్కులోని డేటా తెరుచుకోదు. కాబట్టి స్క్రూడ్రైవర్ తీసే ముందే రికవరీ కీ, సీరియల్ నంబర్, బయోస్ సెట్టింగులు, రెయిడ్ (డిస్కులను కలిపి వాడే అమరిక) వివరాలు వేరేచోట రాసి పెట్టుకోండి.