బ్రా సైజు: స్ట్రాప్‌లు వదిలేసి ముందు బ్యాండ్ చూడండి

భుజాల మీద స్ట్రాప్‌లు ఒరుసుకుపోతుంటే వాటిని వదులు చేస్తాం, జారిపోతుంటే బిగిస్తాం. చాలాసార్లు అసలు తప్పు స్ట్రాప్‌లో ఉండదు, రొమ్ముల కింద నుంచి వీపు చుట్టూ వచ్చే బ్యాండ్‌లో ఉంటుంది. బరువులో ఎక్కువ భాగం మోయాల్సింది ఆ బ్యాండే. అది వదులైతే వీపు వైపు బ్రా పైకి ఎక్కిపోతుంది, ముందువైపు కిందికి దిగిపోతుంది, మోత మొత్తం భుజాల మీద పడి సాయంత్రానికి మెడ లాగేస్తుంది. బ్రా అంటే ఇలాగే ఉంటుందిలే అని ఏళ్ల తరబడి ఓర్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, అంత ఓర్చుకోవాల్సిన అవసరం నిజంగా లేదు.

టైలర్లు వాడే మెత్తటి టేపు తీసుకోండి. ప్యాడ్ ఉన్న బ్రా మీద కొలవొద్దు, పల్చటిది వేసుకోండి, లేదంటే ఏమీ లేకుండానే కొలవండి. ముందు రొమ్ముల కింద, ఊపిరి వదిలాక, టేపు వీపు మీద పైకీ కిందికీ పోకుండా, కాస్త బిగుతుగానే పట్టుకుని చూడండి. అంగుళాల్లో వచ్చిన ఆ అంకెకు దగ్గర్లో ఉన్న సరి సంఖ్య మీ బ్యాండ్. తర్వాత రొమ్ములు బాగా ఎత్తుగా ఉన్నచోట కొలవండి, ఇక్కడ మాత్రం టేపు బిగించొద్దు. రొమ్ములు కిందికి వాలి ఉంటే కాస్త ముందుకు వంగి కొలిస్తే లెక్క సరిగ్గా వస్తుంది. రెండో కొలతలోంచి బ్యాండ్ సైజు తీసేస్తే మిగిలేదే కప్పు: 1 అంగుళం తేడా ఉంటే ఏ, 2 ఉంటే బి, 3 సి, 4 డి. అంటే కింద 32, పైన 35 వస్తే 32సి. ఇది మొదలుపెట్టడానికే, కంపెనీని బట్టి చార్ట్ మారుతుంది కాబట్టి వాళ్ల చార్ట్ కూడా చూడాల్సిందే.

డి అనగానే చాలా పెద్ద సైజు అనుకుని భయపడొద్దు, ఆ అక్షరం ఒక్కదానికే అర్థం లేదు. 30డి, 32సి, 34బి మూడింట్లో కప్పు దాదాపు ఒక్కటే, మారేది బ్యాండ్. అందుకే 34బి లో కప్పు బాగానే ఉండి బ్యాండ్ వదులనిపిస్తే 32బి కాదు, 32సి అడగండి. చాలామంది ఇక్కడే పొరపడతారు, బ్యాండ్ ఒక్కటే తగ్గించేసరికి కప్పు కూడా చిన్నదైపోయి, చిన్న సైజు మనకు పడదని మళ్లీ పాతదానికే వెళ్లిపోతారు.

కొత్త బ్రాని అన్నిటికన్నా వదులుగా ఉండే హుక్‌కి పెట్టి చూడండి. ఎలాస్టిక్ వాడేకొద్దీ సాగుతుంది, అప్పుడు లోపలి హుక్‌లు పనికొస్తాయి. వేసుకున్నాక ముందుకు వంగి, చంకల వైపు ఉన్న భాగాన్ని కూడా చేత్తో కప్పులోకి సర్దుకోండి, ఇది చేయకపోతే ఏ సైజూ సరిగ్గా తెలియదు. బ్యాండ్ కింద రెండు వేళ్లు పట్టాలి, పిడికిలి పట్టకూడదు. పైనుంచో చంక పక్కనుంచో రొమ్ము పొంగుతుంటే కప్పు చిన్నది. కప్పు ముడతలు పడుతుంటే పెద్దదై ఉండొచ్చు, లేదా ఆ ఆకారం మీకు నప్పలేదు. వైర్ ఉన్న బ్రా అయితే మధ్య భాగం ఛాతీకి ఆనుకుని ఉండాలి, వైర్ రొమ్ము మీద కాకుండా దాని చుట్టూ రావాలి. చేతులు పైకెత్తండి, కూర్చోండి, వంగండి. బ్రా కదలకపోతే సరిపోయినట్టే. రెండు రొమ్ములు ఒకే సైజులో లేకపోవడం మామూలే, పెద్దదానికి సరిపోయేది తీసుకుని రెండోవైపు స్ట్రాప్ కొంచెం బిగించుకోండి.

పీరియడ్స్‌కి ముందు కొందరికి రొమ్ములు ఉబ్బుతాయి, ఆ రోజుల్లో కొలవకపోవడం మంచిది. బరువు మారినా, గర్భం వచ్చినా, బిడ్డకు పాలిస్తున్నా మళ్లీ కొలుచుకోవాలి. కొలుచుకునేటప్పుడు కొత్తగా గడ్డలా ఏదైనా తగిలితే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి.

ఇక ఉతకడం అంటారా, చేత్తో ఉతికి, పిండకుండా, నీడలో ఆరేయండి, డ్రయ్యర్ వేడికి ఎలాస్టిక్ త్వరగా పాడవుతుంది. ఒకదాన్నే రోజూ వేసుకోకుండా మార్చి మార్చి వాడండి. అన్నిటికన్నా బిగుతుగా ఉండే హుక్‌కి పెట్టినా బ్యాండ్ పైకి పోతోందంటే ఆ బ్రా పని అయిపోయినట్టే, పక్కన పెట్టేయండి.