ఒక్క ఈసీఎల్82తో ఇంటికి సరిపడా వాల్వు ఆంప్లిఫయర్

నాది మైక్‌సెట్ పని. పెళ్లిళ్లలో, గణేష్ మండపాల్లో వేల వాట్లు మోగించి ఇంటికొస్తాను. ఇంట్లో నేను వినేది మాత్రం మూడున్నర వాట్ల పెట్టె. ఒకటే వాల్వు (పాత రేడియోల్లో వెలిగే గాజు ట్యూబు), ఒకటే స్పీకరు. పది బై పన్నెండు గదిలో సౌండు సగం పెట్టినా మా ఆవిడ తగ్గించమంటుంది.

ముందే చెప్తున్నా, ఇందులో 250 వోల్టుల దాకా డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేశాక కూడా కండెన్సర్లలో అది నిలిచే ఉంటుంది. ఇంతవరకు సోల్డరింగ్ ఐరన్ పట్టనివాళ్లు దీంతో మొదలుపెట్టొద్దు. పట్టినవాళ్లు కూడా పవర్ ఉండగా కొలిచేటప్పుడు ఎడమచెయ్యి జేబులో పెట్టుకోవాలి.

వాల్వు ఈసీఎల్82. ఇందులో ఫోన్ సౌండుని ముందు పెంచే ట్రయోడు, స్పీకరుని మోగించే పెంటోడు రెండూ ఒకే గాజుబుడ్డిలో ఉంటాయి కాబట్టి వేరే వాల్వు అక్కర్లేదు. 6బీఎం8 అన్నా ఇదే. పీసీఎల్82కి కాళ్లు ఇవే గానీ ఫిలమెంటుకి 16 వోల్టులు కావాలి. ఈసీఎల్86 అంటగడితే మాత్రం తీసుకోకండి, దాని కాళ్ల వరసే వేరు. నాది హైదరాబాద్ ఎర్రగడ్డ సండే మార్కెట్‌లో ఒక డొక్కు రేడియోతో పాటు వచ్చింది. మిగతా సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరికింది.

డబ్బంతా ట్రాన్స్‌ఫార్మర్ల మీదే పెట్టండి. మెయిన్స్‌ది 180 వోల్టులు 100 మిల్లీఆంపియర్లు, 6.3 వోల్టులు 1 ఆంపియర్ ఇచ్చేలా చుట్టించుకోవాలి. వాల్వుకీ స్పీకరుకీ మధ్య ఉండే అవుట్‌పుట్‌ది ఒకవైపు 5 వేల ఓమ్‌లు, రెండోవైపు 8 ఓమ్‌లు. "సింగిల్ ఎండెడ్, గ్యాప్ ఉండాలి" అని చుట్టేవాడికి రెండుసార్లు చెప్పండి. వాల్వు ప్లేటు కరెంటు ఎప్పుడూ ఒకే దిక్కున పారుతుంది కాబట్టి, కోర్ రేకుల మధ్య ఆ సన్నటి గ్యాప్ లేకపోతే కోర్ నిండిపోయి బేస్ చచ్చిపోతుంది.

చుట్టించే ఓపిక లేకపోతే ఒక కిటుకు ఉంది. 230 నుంచి 9 వోల్టుల మామూలు ట్రాన్స్‌ఫార్మర్, 2 ఆంపియర్లది తెచ్చి తిరగేసి వాడొచ్చు. 9 వోల్టుల వైపు 8 ఓమ్‌ల స్పీకరు కడితే, 230 వైపు ఇంచుమించు 5,200 ఓమ్‌లు కనిపిస్తుంది. దాని రేకులు విప్పి, ఇంగ్లిష్ E ఆకారంవన్నీ ఒకవైపు, I ఆకారంవన్నీ ఇంకోవైపు పేర్చి, మధ్యలో జెరాక్స్ కాగితం ముక్క పెట్టి బిగించాలి. ఆదివారం మొత్తం దానికే పోతుంది.

ఛాసీకి, అంటే సామానంతా బిగించే రేకు పెట్టెకి, చిల్లులు పొడవకముందే ఇంకో పని. మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌కి మాత్రం కరెంటివ్వండి, రెండో వైపు వైర్లు విడివిడిగా టేపు చుట్టి ఉంచండి. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ 8 ఓమ్‌ల వైపు ఇయర్‌ఫోన్ తగిలించి, ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ని బల్ల మీద అటూ ఇటూ తిప్పుతూ వినండి. గుంయ్‌మనే చప్పుడు ఒక్కచోట దాదాపు మాయమవుతుంది. అక్కడే పెన్సిల్‌తో గీత గీసుకోండి, బిగించేటప్పుడు అలాగే బిగించాలి.

ఇక పవర్ సప్లై. ప్రైమరీకి అర ఆంపియర్ ఫ్యూజు. 180 వోల్టులు నాలుగు 1ఎన్4007 డయోడ్ల బ్రిడ్జిలోకి, అక్కణ్ణుంచి 100 మైక్రోఫారడ్ 400 వోల్టుల కండెన్సర్‌కి, తర్వాత 470 ఓమ్‌లు 5 వాట్ల రెసిస్టర్, మళ్లీ అలాంటి కండెన్సర్ ఒకటి. ఈ రెండో కండెన్సర్ మీద 220 వోల్టులు వస్తుంది. దానికి అడ్డంగా 220 కిలో ఓమ్‌లు 1 వాట్ రెసిస్టర్ తప్పనిసరి. ఆపేశాక కండెన్సర్లను ఖాళీ చేసేది అదే. అయినా మీటరు పెట్టి చూశాకే చెయ్యి పెట్టాలి.

సాకెట్‌ని కింది నుంచి చూస్తూ, ఖాళీ దగ్గర్నుంచి గడియారం తిరిగే దిక్కున కాళ్లు లెక్కపెట్టండి. 4, 5 ఫిలమెంటు. ఈ రెండు వైర్లూ జడలా మెలేసి, ఒక్కోదాన్నుంచి 100 ఓమ్‌లు గ్రౌండుకి. 6 ప్లేటు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా 220 వోల్టుల చోటికి. 7 స్క్రీన్, నేరుగా ఆ 220 వోల్టులకే. 2 నుంచి గ్రౌండుకి 390 ఓమ్‌లు 2 వాట్లు, దానికి సమాంతరంగా 100 మైక్రోఫారడ్ 63 వోల్టులు. 3 నుంచి గ్రౌండుకి 470 కిలో ఓమ్‌లు. ట్రయోడు వైపు, 220 వోల్టుల నుంచి 10 కిలో ఓమ్‌లు దాటాక గ్రౌండుకి 22 మైక్రోఫారడ్ 400 వోల్టులు, అక్కణ్ణుంచి 220 కిలో ఓమ్‌లు 9కి. 8 నుంచి గ్రౌండుకి 2.2 కిలో ఓమ్‌లు, 47 మైక్రోఫారడ్. 1కి వాల్యూమ్ కంట్రోల్ మధ్యకాలు, 100 కిలో ఓమ్‌ల లాగ్‌ది. 9కి 3కి మధ్య 0.022 మైక్రోఫారడ్ 630 వోల్టులు. ఫోన్ నుంచి వచ్చే లెఫ్ట్, రైట్ వైర్లను నేరుగా కలిపేయకుండా ఒక్కోదానికి 4.7 కిలో ఓమ్‌లు పెట్టి కలిపి, వాల్యూమ్ కంట్రోల్ ఒక చివరికాలికి ఇవ్వండి, రెండో చివరికాలు గ్రౌండుకి.

ఆ 0.022 దగ్గరే నేను దెబ్బతిన్నాను. పాతకాలం సౌండు వస్తుందని రేడియోలోంచి పీకిన కాగితం కండెన్సర్ వేశాను. ఐదు నిమిషాలు బ్రహ్మాండంగా పాడింది. తర్వాత గొంతు బొంగురుపోయింది. లైటు ఆర్పి చూస్తే ప్లేటు మధ్యలో చింతగింజంత ఎరుపు. మూడో కాలి మీద సున్నా ఉండాల్సింది 4 వోల్టులు చూపించింది. కండెన్సర్ కారుతోందన్నమాట. కొత్త ఫిలిం కండెన్సర్ వేస్తే వాల్వు బతికింది. వాల్వు పాతదైనా ఫర్వాలేదు, కండెన్సర్లు మాత్రం కొత్తవే.

గ్రౌండులన్నీ ఒక్కచోటికే తెచ్చి, అక్కణ్ణుంచి ఛాసీకి. ఛాసీకి మూడుపిన్నుల ప్లగ్గు ఎర్త్. దీంట్లో బేరాల్లేవు.

మొదటిసారి నేరుగా ప్లగ్గు పెట్టకండి. 60 వాట్ల ఫిలమెంటు బల్బుతో సిరీస్‌లో ఇవ్వండి. ఎల్ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి డిమ్ అయితే సరే, వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్టు. అంతా బాగుంటే బల్బు తీసేసి రెండో కాలి మీద కొలవండి, 16 వోల్టుల దగ్గర ఉండాలి. స్పీకరు కట్టకుండా మాత్రం ఎప్పుడూ ఆన్ చేయొద్దు, ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఇన్సులేషన్ పోతుంది.

మొదటి గంటలో కొత్త వార్నిష్ వేడెక్కిన వాసన కొంచెం వస్తుంది, కంగారుపడకండి. పొగ కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా స్విచ్చి కట్టేయండి.