పాత మస్టాంగ్ మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

మా నాన్నగారు డెట్రాయిట్ దగ్గర ఇంజనీరుగా ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1974లో, చేతిలో ఉన్న డబ్బంతా పెట్టి ఒక పాత 1966 ఫోర్డ్ మస్టాంగ్ కొన్నారు. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో ఈ మోడల్‌ను మొదటిసారి ప్రజల ముందు పెట్టినప్పుడు దాని ప్రారంభ ధర 2,368 డాలర్లు. మా బండిది ఎనిమిది సిలిండర్ల ఇంజను కాదు. 200 ఘనపు అంగుళాల, ఆరు సిలిండర్ల సాదా ఇంజను, మూడు గేర్లు, నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులు. ఇప్పుడు అది నా గ్యారేజీలో ఉంది. తల్లిదండ్రుల నుంచి ఇటువంటి బండి చేతికొచ్చి, ఎక్కడ మొదలుపెట్టాలో తోచని వారి కోసం నాకు అనుభవంలో తెలిసినదాన్ని ఇక్కడ రాస్తున్నాను. కారణం తేలకుండా ఏ భాగాన్నీ మార్చకూడదన్నది నాన్నగారి నియమం. అనవసరంగా మార్చిన ప్రతి భాగంతోనూ డబ్బే కాదు, ఇంటివాళ్ల చేతులు తాకిన వస్తువు కూడా ఒకటి పోతుంది కనుక ఆ నియమాన్ని నేను ఇంకా గట్టిగా పాటిస్తున్నాను.

లక్షణం: ఇంజను వేడెక్కాక ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంది.

మా చిన్నప్పుడు పిట్స్‌బర్గ్ దగ్గర పెన్ హిల్స్‌లోని వేంకటేశ్వరస్వామి గుడికి వెళ్లే దారిలో, ఒహాయో టర్న్‌పైక్ అనే టోల్ రహదారి మీద, ఈ బండి ఇలా ఎన్నిసార్లు ఆగిందో లెక్కలేదు. నాన్నగారు బానెట్ ఎత్తేవారు, అమ్మ పులిహోర డబ్బా మూత తీసేది, మేము గట్టు మీద కూర్చుని తినేసరికి బండి చల్లారి కదిలేది. చల్లారితే కదులుతుంది కాబట్టి కారణం వెతకకుండానే ఏళ్లు గడిచిపోవడం ఈ జబ్బులోని ప్రమాదం.

దీనికి కారణం పెట్రోలు అందకపోవడమైనా కావాలి, నిప్పురవ్వ రాకపోవడమైనా కావాలి. బండి ఆగిన వెంటనే, వేడి తగ్గకముందే, ఇంజను ఆపి ఉంచి ఎయిర్ క్లీనర్ తీసి, కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) గొంతులోకి టార్చి వేసి చూస్తూ థ్రాటిల్‌ను (యాక్సిలరేటర్‌తో కదిలే మీటను) చేత్తో ఒకసారి నొక్కాలి. సన్నని పెట్రోలు ధార చిమ్మితే పెట్రోలు అందుతున్నట్టే. ధార రాకపోతే గొట్టంలోనో, కార్బురేటర్ గిన్నెలోనో పెట్రోలు మరిగి ఆవిరైందని మొదట అనుమానించాలి. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలుతో ఈ బెడద ఎక్కువ. పైగా ఈ ఆరు సిలిండర్ల ఇంజనులో సిలిండర్లకు గాలీ పెట్రోలూ వెళ్లే ఇన్‌టేక్ గొట్టం, ఇంజను పైభాగమైన హెడ్‌తోపాటే ఒకే పోతగా వచ్చి, కార్బురేటర్ దాని మీదే కూర్చుంటుంది కనుక ఇంజను వేడి నేరుగా దానికి తగులుతుంది. పెట్రోలు గొట్టం ఎగ్జాస్ట్‌కు దూరంగా ఉండేట్టు సరిచేయడం, కార్బురేటర్ కింద వేడిని ఆపే దిమ్మ వేయడం దీనికి పరిష్కారాలు. ఇథనాల్‌కు తట్టుకోలేని పాత రబ్బరు గొట్టాలను కూడా అప్పుడే మార్చేయాలి.

ధార బాగానే వస్తే ఎయిర్ క్లీనర్‌ను తిరిగి బిగించి, పెట్రోలు ఆవిర్లకు దూరంగా, ఒక విడి ప్లగ్గును వైరుకు తగిలించి ఇంజను లోహానికి ఆనించి నిప్పురవ్వను చూడాలి. రవ్వ పసుపురంగులో నీరసంగా ఉన్నా, అసలు లేకపోయినా, వేడికి విఫలమవుతున్న కాయిల్‌నో (రవ్వకు కావలసిన అధిక వోల్టేజీని పుట్టించేది), కండెన్సర్‌నో (డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఉండే చిన్న విద్యుత్ భాగం) అనుమానించాలి. చవకైనది కండెన్సరే కనుక దాన్నే ముందు మార్చి చూడటం మంచిది. రవ్వను వరుసగా ప్లగ్గులకు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసినప్పుడే, కాయిల్ కరెంటును తెంచి కలిపే పాయింట్ల సందు 0.025 అంగుళం ఉందో లేదో సరిచూసుకోవాలి. వైర్లు కలగలిసిపోతే ఈ ఇంజను పేలుడు వరుస, అంటే సిలిండర్లకు రవ్వ అందే క్రమం, 1-5-3-6-2-4 అని గుర్తుంచుకుంటే చాలు. నాన్నగారు గ్లోవ్ బాక్సులో ఉంచిన నోటుబుక్కులో, పులిహోర ప్రయాణాలు మొదలైన చాలా కాలానికి, ఒక పేజీలో ఇలా ఉంది: "కండెన్సరు మార్చితిని. కార్బురేటరు నిర్దోషి."

లక్షణం: వాన పడిన మర్నాడు డ్రైవరు కాళ్ల దగ్గర కార్పెట్ తడిసి ఉంటుంది.

చాలామంది దీన్ని హీటర్ లీకు అనుకుని హీటర్‌ను పీకేస్తారు. తడిని వేలితో తాకి చూడండి. జిగటగా, తియ్యటి వాసనతో ఉండి, ముందు అద్దం లోపలి వైపు మసకబారుతుంటే అది కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం), అంటే లోపం హీటర్‌దే. తేటగా వాసన లేకుండా ఉంటే అది వాన నీరు. ముందు అద్దం కింద ఉన్న జాలీ గుండా గాలితోపాటు నీరూ, ఆకులూ లోపలి తొట్టిలోకి పడతాయి. ఆ తొట్టిలో గాలి లోపలికి వచ్చే రంధ్రాల చుట్టూ నిలబడిన అంచులు ఉంటాయి. కుళ్లిన ఆకుల తడికి ఆ అంచుల మొదట్లో తుప్పు తొలుచుకుపోతే నీళ్లు కారులోకి దిగుతాయి. 1965-66 మస్టాంగులకు ఇది పుట్టుకతో వచ్చిన బలహీనత అనవచ్చు. మిషిగన్ శీతాకాలపు రోడ్ల మీది ఉప్పు దీనికి తోడై నేల రేకులను కూడా తినేస్తుంది.

నిర్ధారణకు ఇద్దరు కావాలి. ఒకరు జాలీ మీద గొట్టంతో నెమ్మదిగా నీళ్లు వదలాలి, ఇంకొకరు డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని టార్చితో చూడాలి. మా ఇంట్లో టార్చి పట్టింది మా అమ్మాయి. నీటి చుక్క నుదుటి మీద పడగానే "నాన్నా, ఎడమ వైపే!" అని అరిచిన ఆ క్షణం నుంచే దానికి ఈ బండి తాతయ్య బండి కాకుండా తన బండి అయింది. శాశ్వత పరిష్కారానికి పై రేకును పట్టి ఉంచిన స్పాట్ వెల్డులను డ్రిల్లుతో విడదీసి, తొట్టిని శుభ్రం చేసి, కొత్త అంచులు వెల్డింగ్ చేసి, అతుకులకు సీలర్ పూసి, తిరిగి మూయాలి. ఇది ఓపికతో కూడిన పెద్ద పని. అంతవరకూ బండిని వానలో ఉంచకండి, జాలీలో ఆకులు చేరనివ్వకండి. కార్పెట్ మార్చి ఊరుకోవడం మాత్రం పరిష్కారం కాదు.

లక్షణం: ఒకటో గేరు వేస్తుంటే కరకరమని శబ్దం వస్తుంది.

బండి కదులుతుండగా ఒకటో గేరుకు మాత్రమే ఈ శబ్దం వస్తే అది లోపం కాదు. మా ఆరు సిలిండర్ల బండిలోని మూడు గేర్ల పెట్టెలో ఒకటో గేరుకు సింక్రోనైజర్ (గేర్ల వేగాలను సమం చేసి శబ్దం లేకుండా కలిపే భాగం) ఉండదు. బండి పూర్తిగా ఆగాకే ఆ గేరు వేయాలి. రెండు, మూడు గేర్లకు కూడా వస్తే అరుగుదలను, ఆగి ఉన్నప్పుడు రివర్సుకు వస్తే క్లచ్ సరిగా విడవకపోవడాన్ని చూసుకోవాలి. "ఆగాక వెయ్యరా" అన్న నాన్నగారి మాటను నేను పదహారేళ్లప్పుడు చాదస్తమనుకున్నాను. గేరు పెట్టెను విప్పిన రోజున ఆ మాట వెనుక ఉన్న కారణాన్ని కళ్లారా చూశాను.

లక్షణం: బ్రేకు పెడల్ కాలి కింద నెమ్మదిగా దిగిపోతుంది.

బండిని వెంటనే నిలిపివేయండి. పెడల్ ఒత్తిడిని ద్రవం ద్వారా చక్రాలకు పంపే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు అరిగి ఉండవచ్చు, లేదా చక్రాల సిలిండర్ల నుంచి ద్రవం కారుతుండవచ్చు. చక్రాల సిలిండర్ల రబ్బరు తొడుగు అంచును ఎత్తి చూస్తే తడి కనిపిస్తుంది. 1966 వరకూ ఈ బండికి ఒకే గది ఉన్న మాస్టర్ సిలిండర్ ఉండేది. ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1967 మోడల్ నుంచి రెండు గదుల సిలిండర్ వచ్చింది. అసలు భాగాలను కాపాడాలని ఇంత చెప్పే నేను ఈ ఒక్క విషయంలో మాత్రం రెండు గదులదానికి మారమనే చెబుతాను. పాత సిలిండర్‌ను పేరు రాసి పెట్టెలో దాచుకోండి. పిల్లలను ఎక్కించుకునే బండికి పాత బ్రేకు వద్దు.

లక్షణం: బండి అసలు రంగు మీద ఇంట్లో ఏకాభిప్రాయం లేదు.

మా బండి ఎర్రగా ఉంది. అన్నయ్య మొదటి నుంచీ ఎరుపే అంటాడు, కొన్ననాడు నీలమని అమ్మ అంటుంది. పాత కలర్ ఫోటోలను నమ్మవద్దు. వాటిలోని రంగులు ఏళ్ల తరబడి వెలిసి అన్నీ ఎర్రబారతాయి. డ్రైవరు తలుపు అంచున ఉన్న రేకు పలకను చదవండి. మా బండి సంఖ్య 6ఎఫ్07టి అని మొదలవుతుంది: 6 అంటే 1966, ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ, 07 అంటే హార్డ్‌టాప్ (గట్టి రేకు కప్పు ఉన్న బండి), టి అంటే 200 ఇంజను. అదే పలక మీద రంగు గడిలో ఉన్న ఎఫ్‌కు ఆర్కేడియన్ బ్లూ అని అర్థం. తలుపు లోపలి అట్టను విప్పి చూస్తే, దాని వెనుక రేకు మీద లేత నీలం చెక్కుచెదరకుండా ఉంది. అమ్మను పిలిచి చూపించాను. చాలాసేపు చేత్తో తడుముతూ ఉండిపోయింది.

లక్షణం: గ్లోవ్ బాక్సు మూత సరిగా పడటం లేదు.

మూత వంగిందని కొత్త మూత కొనకముందు కీలును కదిపి చూడండి. ఎక్కువసార్లు అరిగేది కీలే. మా మూత మీద, పెన్ హిల్స్ గుడికి మొదటిసారి బయలుదేరిన రోజున అమ్మ పెట్టిన కుంకుమ బొట్టు గోధుమరంగు మరకగా మిగిలి ఉంది. ఇటువంటి మరకలను బండి శుభ్రం చేసేవారికి ముందే చూపించి, అక్కడ ఏ ద్రవమూ తగలనివ్వవద్దని చెప్పాలి. నేను కీలును మాత్రమే మార్చి, గొళ్లెం అర అంగుళం సరిచేశాను. మూత ఇప్పుడు ఒక్క నొక్కుకే పడుతోంది. నోటుబుక్కు లోపలే ఉంది.