పాత కంప్యూటర్‌ను మళ్లీ నడిపిద్దాం – 3వ పాఠం: సోర్స్ కోడ్ నుంచి సిమ్‌హెచ్

కిందటి రెండు పాఠాల్లో లాప్‌టాప్‌లో ఉబుంటు ఎక్కించుకోవడం, టెర్మినల్‌లో ఫోల్డర్లు మారడం అయిపోయాయి. ఇవాళ సిమ్‌హెచ్ అనే ఎమ్యులేటర్‌ను, అంటే పాత మెషిన్‌లా నడుచుకునే ప్రోగ్రామ్‌ను, సోర్స్ కోడ్ నుంచి తయారుచేసుకుని, 1970 నాటి పీడీపీ-11 చేత ఒక కూడిక చేయిద్దాం. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. మీరు మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. పెద్ద అక్షరాలు కావాల్సిన చోట చెప్తాను.

పీడీపీ-11 అమెరికాలోని డెక్ కంపెనీ తెచ్చిన 16 బిట్ల మెషిన్. కాలం అందాలంటే, శ్రీహరికోట నుంచి తొలి రాకెట్ ఎగిరింది 1971 అక్టోబరులో. అప్పటికి శ్రీహరికోట మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఈ మెషిన్ అంతకు ఏడాది ముందే మార్కెట్లోకి వచ్చింది. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పెరిగిందీ, సీ అనే ప్రోగ్రామింగ్ భాష రూపు దిద్దుకుందీ దీని మీదే. 1973లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్ కెర్నల్‌ను, అంటే దాని గుండెకాయ లాంటి భాగాన్ని, సీలో తిరగరాసింది కూడా దీనికోసమే. డిగ్రీలో సీ చదివే పిల్లలు ఈ మెషిన్‌ను ఒక్కసారైనా తాకి చూడాలన్నది నా గట్టి కోరిక. అసలు మెషిన్ మనకెలాగూ దొరకదు. డెక్‌లోనే పనిచేసిన బాబ్ సప్నిక్ 1990ల్లో మొదలుపెట్టిన సిమ్‌హెచ్ ఆ లోటు తీరుస్తుంది. 2022 నుంచి అది ఓపెన్ సిమ్‌హెచ్ పేరుతో నడుస్తోంది.

"రెడీమేడ్ ప్యాకేజీ ఉండగా ఈ శ్రమ ఎందుకు సార్?" అని ఒంగోలులో మా ఆదివారం క్లాసులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. బియ్యం బస్తా కొనుక్కోవడం వేరు, వడ్లు తెచ్చి మన ఊరి మిల్లులో ఆడించుకోవడం వేరు. సోర్స్ చేతిలో ఉంటే లోపల ఏముందో చూడొచ్చు, నచ్చినట్టు మార్చుకోవచ్చు. పీడీపీ-11 కూడిక ఎలా చేస్తుందో చెప్పే సీ కోడ్ ఆ ఫోల్డర్లోనే ఉంటుంది, తెరిచి చదవొచ్చు. ప్యాకేజీ వేసుకుంటే ఆ అవకాశం ఉండదు.

ముందు పనిముట్లు. "సుడో ఆప్ట్ అప్‌డేట్" కొట్టండి. తర్వాత "సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్ గిట్". సీ కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్, దాన్ని నడిపించే మేక్ రెండూ బిల్డ్-ఎసెన్షియల్‌లోనే వస్తాయి.

ఇప్పుడు సోర్స్. గిట్‌హబ్‌లో ఓపెన్-సిమ్‌హెచ్ అనే ఖాతా కింద సిమ్‌హెచ్ అనే రిపాజిటరీ, అంటే కోడ్ దాచే చోటు, ఉంది. ఆ పేజీ నుంచి అడ్రస్ కాపీ చేసుకుని, "గిట్ క్లోన్" తర్వాత పేస్ట్ చేయండి. మనలో చాలామందికి ఫోన్ హాట్‌స్పాటే ఆధారం కాబట్టి, క్లోన్‌కూ అడ్రస్‌కూ మధ్య రెండు డాష్‌లు, వాటికి ఆనుకుని డెప్త్, ఒక స్పేస్, 1 చేర్చండి. ఏళ్ల తరబడి జరిగిన మార్పుల చరిత్ర అంతా దిగకుండా, తాజా కోడ్ మాత్రమే దిగుతుంది. డేటా ఆదా.

"సీడీ సిమ్‌హెచ్" అని లోపలికి వెళ్లి, "మేక్ పీడీపీ11" కొట్టండి. ఇక్కడ డాష్ లేదు. ఊరికే మేక్ అంటే డజన్ల కొద్దీ మెషిన్లు కట్టడం మొదలుపెడుతుంది, మనకు ఒక్కటి చాలు.

ఈ దశలోనే కొత్తవాళ్లు కంగారు పడతారు. మొదట నెట్‌వర్క్ లైబ్రరీ లేదు, డిస్‌ప్లే లైబ్రరీ లేదు అని కొన్ని లైన్లు వస్తాయి. అవి సమాచారం మాత్రమే, ఇవాళ్టి పనికి అవేవీ అక్కర్లేదు. ఆ తర్వాత తెర నిండా జీసీసీ (మన సీ కంపైలర్ పేరు అదే) అని మొదలయ్యే ఒక పొడవాటి కమాండ్ కనిపించి, అంతా ఆగిపోయినట్టు ఉంటుంది. ఆగలేదు. మేక్‌కు ఏం చేయాలో చెప్పే ఈ మేక్‌ఫైల్ సోర్స్ ఫైళ్లన్నింటినీ ఒకే కమాండ్‌కు ఇస్తుంది, అందుకే మధ్యలో కబురు ఉండదు. పాత లాప్‌టాప్‌లో కొన్ని నిమిషాలు పట్టొచ్చు. టెన్షన్ పడి కంట్రోల్-సి నొక్కితే పని మళ్లీ మొదటికొస్తుంది.

ఎర్రర్ వస్తే కింద నుంచి కాదు, పై నుంచి చదవండి. తెర చివర కనిపించే "మేక్, ఎర్రర్ 1" అన్న లైను పని ఆగిందని చెప్తుందే తప్ప ఎందుకు ఆగిందో చెప్పదు. పైకి స్క్రోల్ చేసి మొట్టమొదటి ఎర్రర్ పట్టుకోండి. దాని కింద వచ్చే ఇరవై ఎర్రర్లూ చాలాసార్లు దాని పిల్లలే. వార్నింగ్ అన్న లైన్లను వదిలేయొచ్చు. "కమాండ్ నాట్ ఫౌండ్" అంటే పనిముట్టు దిగలేదు, ఆప్ట్ దగ్గరికి వెనక్కి వెళ్లండి. చుక్క హెచ్‌తో ముగిసే ఫైలు పేరు చెప్పి "నో సచ్ ఫైల్" అంటే హెడర్ ఫైలు లేదన్నమాట. ఉబుంటులో లైబ్రరీల హెడర్లు మామూలుగా డాష్-డెవ్‌తో ముగిసే ప్యాకేజీల్లో ఉంటాయి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే, సిమ్‌హెచ్ అనే కాదు, రేపు ఏ సోర్స్ కట్టినా సగం చిక్కులు విడిపోతాయి.

అంతా సవ్యంగా జరిగితే బిన్ అనే ఫోల్డర్లో పీడీపీ11 తయారై ఉంటుంది. ఆ బిన్ మూడక్షరాలూ పెద్దవి. లైనక్స్‌కు చిన్న బిన్ వేరు, పెద్ద బిన్ వేరు. చుక్క, స్లాష్, పెద్ద బిన్, స్లాష్, పీడీపీ11 అని మధ్యలో స్పేస్ లేకుండా కొట్టండి. సిమ్ అన్న ప్రాంప్ట్ వస్తే మెషిన్ లేచినట్టే.

ఇప్పుడు 5కు 4 కలుపుదాం. డిపాజిట్ అన్న మాటను డెప్ అని కుదించి కొట్టొచ్చు. అడ్రస్, ఆ తర్వాత అందులో పెట్టాల్సిన అంకె:

డెప్ 1000 012700
డెప్ 1002 000005
డెప్ 1004 062700
డెప్ 1006 000004
డెప్ 1010 000000

మొదటి లైన్లో 01 అంటే ఒకచోటి నుంచి మరోచోటికి వేయి అని, 27 అంటే నా వెనకే ఉన్న అంకె తీసుకో అని, 00 అంటే ఆర్0 అనే రిజిస్టర్లో (ప్రాసెసర్ లోపల అంకె దాచుకునే గడిలో) పెట్టు అని. మూడో లైన్లో 06 అంటే కలుపు. చివరి సున్నాలు ఆగిపొమ్మని.

"సార్, 1006 తర్వాత 1008 కదా?" అని వెనక బెంచీలోంచి ఒకమ్మాయి అడిగింది.

"కాదమ్మా, ఇది ఆక్టల్. ఇందులో 8, 9 అంకెలే లేవు. 7 తర్వాత 10."

"రన్ 1000" కొట్టండి. హాల్ట్ ఇన్‌స్ట్రక్షన్ అని, పీసీ 001012 అని చెప్పి ఆగుతుంది. ఇక్కడ పీసీ అంటే ప్రోగ్రామ్ కౌంటర్, తర్వాత చదవాల్సిన అడ్రస్. తర్వాత "ఎక్స్ ఆర్0". ఈ ఎక్స్ ఎగ్జామిన్‌కు కుదింపు, ఇ, ఎక్స్ అని రెండక్షరాలు కొట్టాలి. జవాబు 000011. 9 ఎక్కడికీ పోలేదు, ఆక్టల్‌లో 9ని రాసేది అలాగే. బయటికి రావడానికి "ఎగ్జిట్". ఎప్పుడైనా మీ ప్రోగ్రామ్ ఆగకుండా తిరుగుతుంటే కంట్రోల్-ఇ నొక్కండి, ప్రాంప్ట్ తిరిగొస్తుంది.

హోమ్‌వర్క్. 1004లో 062700 బదులు 162700 పెట్టండి, అది తీసివేత. 5లోంచి 4 తీసి చూడండి. తర్వాత 1002లో 4, 1006లో 5 పెట్టి మళ్లీ రన్ చేయండి. 177777 అని వస్తుంది. అది మైనస్ ఒకటి ఎలా అవుతుందో కాగితం మీద బిట్లు రాసుకుని తేల్చండి. నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టి, డిస్క్ ఇమేజ్ తగిలించి పాత యూనిక్స్‌ను బూట్ చేయడం దాకా వెళ్తుంది.